మెల్‌బోర్న్ సందుల్లో పాత పాటలు

ఆస్ట్రేలియా అనగానే మనకేం గుర్తొస్తుంది చెప్పండి? కంగారూ, క్రికెట్టు, సిడ్నీలో తెరచాపల్లా కనిపించే ఆపెరా హౌస్. ఇప్పుడైతే చదువుకనో ఉద్యోగానికనో వెళ్ళిన మన పిల్లలు. కానీ మనకి ఘంటసాల, సుశీల పాటల్లాగే ఆ దేశంవాళ్ళకీ పాత పాటలుంటాయనీ, అవి వినిపిస్తే అక్కడి అమ్మమ్మలూ తాతయ్యలూ కళ్ళు తుడుచుకుంటారనీ మనలో ఎంతమందికి తెలుసు? మెల్‌బోర్న్‌లో నెలన్నర ఉండి, ఆ పాటల వెంట వీధులు తిరిగి వచ్చాను. చూసినవీ విన్నవీ మీతో చెప్పుకోవాలనిపించింది.

మా చెల్లెలి కుటుంబం అక్కడ స్థిరపడి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఊరికి పడమటివైపు టార్నీట్‌లో ఇల్లు. చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. గోంగూరకీ కరివేపాకుకీ లోటు లేదు. చెల్లెలి బెంగ వేరు. "అక్కా, కార్లో నేను సుశీల పాట పెడితే దీనికి విసుగు. అది పెట్టే పాట నా తలకెక్కదు. ఇది ఏ దేశం పిల్ల అవుతుందో ఏమో!" అంటుంది కూతుర్ని చూపించి. పిల్లకి పదిహేడేళ్ళు, అక్కడే పుట్టింది. "పద పెద్దమ్మా, ఊరు చూపిస్తాను" అని నన్ను తిప్పింది అదే.

మాకు తోడు పక్కింటావిడ కూడా బయలుదేరింది. డెబ్బై అయిదు దాటిన మనిషి. అక్కడ పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక "అమ్మా" అనేదాన్ని. ఆవిడకీ ఆ పిలుపు నచ్చింది. ఏడేళ్ళప్పుడు గ్రీసు దేశం నుంచి అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చిందట. నా ఇంటర్మీడియెట్ ఇంగ్లీషుకి అందని చోటల్లా మా పిల్ల తెలుగు చేసి చెప్పేది.

కుట్టుమిషన్ మీద దొరికిన పేరు

టార్నీట్ నుంచి సిటీకి వెళ్ళే రైలు సన్‌షైన్ అనే స్టేషన్ మీదుగా పోతుంది. "ఇదిగో, బాన్ స్కాట్ చిన్నప్పుడు ఇక్కడే ఉన్నాడు" అని చూపించిందావిడ. ఎవరతను? ఏసీ డీసీ అని పెద్ద రాక్ బృందం ఉంది, అందులో గాయకుడు. స్కాట్లండ్‌లో పుట్టి, 1952లో ఆరేళ్ళ పిల్లవాడిగా ఆస్ట్రేలియా వచ్చాడు. 1980లో చిన్న వయసులోనే పోయాడు. ఆ బృందంలో గిటార్లు వాయించే ఆంగస్, మాల్కమ్ అన్నదమ్ములు కూడా స్కాట్లండ్ పిల్లలే. వాళ్ళ కుటుంబం 1963లో సిడ్నీకి వలస వచ్చింది. 1973లో బృందం పెడుతూ పేరు కోసం వెతుక్కుంటుంటే, అక్కగారు కుట్టుమిషన్ మీద ఉన్న అక్షరాలు చూసి ఇదే పెట్టుకోమందట. ఆంగస్ స్టేజీ మీద స్కూలు యూనిఫాం వేసుకోవడం కూడా ఆ అక్క సలహాయేనట. చూశారా, ప్రపంచమంతా తిరిగిన ఆ పేరు వెనక ఒక ఆడపిల్ల, ఆమె కుట్టుమిషను!

సిటీ నడిబొడ్డున స్వాన్‌స్టన్ వీధి ఉంది. ట్రాములు గంట కొట్టుకుంటూ పోతుంటాయి. 1976 ఫిబ్రవరి 23న ఏసీ డీసీ వాళ్ళు ఒక ఓపెన్ లారీ ఎక్కి, ఈ వీధిలో పాడుకుంటూ ఊరేగారు. పక్కన స్కాట్లండ్ తిత్తి బూరలు. పైకి రావాలంటే దారి చాలా దూరం అని చెప్పే పాట అది. దాన్ని టీవీ కోసం చిత్రీకరించారు. అక్కడికి కాస్త దూరంలో ఫ్లిండర్స్ లేన్ పక్కన ఒక ఇరుకు సందుకి 2004లో ఆ బృందం పేరే పెట్టారు. గోడల నిండా రంగుల బొమ్మలు. మన ఊళ్ళలో నాయకుల పేర్లు వీధులకు పెట్టడం చూశాంగానీ, పాటగాళ్ళ పేరు సందుకి పెట్టడం నేను అక్కడే చూశాను.

లిటిల్ బోర్క్ వీధి దగ్గర ఇంకో సందు ఉంది. దాని పేరు ఆంఫ్లెట్ లేన్. డివినిల్స్ అనే బృందంలో పాడిన క్రిస్సీ ఆంఫ్లెట్ పేరు మీద 2015లో పెట్టారు. మగవాళ్ళదే రాజ్యంగా ఉన్న రాక్ సంగీతంలో జంకూ గొంకూ లేకుండా నిలబడిన మనిషి. 2013లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆ మర్నాటి ఏడాదే, ఆవిడ పాడిన ఒక పాటనే తీసుకుని, ఆడవాళ్ళు తమ రొమ్ముల్ని తామే తడిమి చూసుకోవాలని అక్కడ ప్రచారం మొదలుపెట్టారు. ఈ సంగతి మన ఆడవాళ్ళం కూడా గుర్తుపెట్టుకోవలసిందే.

వాళ్ళ చిత్రలహరి

మనకి శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి ఎలాగో, వాళ్ళకి ఆదివారం సాయంత్రం ఆరింటికి 'కౌంట్‌డౌన్' అలాగన్నమాట. 1974 నుంచి 1987 వరకు ఏబీసీ టీవీలో వచ్చింది. నెత్తిన టోపీ పెట్టుకుని మాలీ మెల్‌డ్రమ్ అనే ఆయన కబుర్లు చెప్పేవాడు. ఆ టైముకి ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరిపోయేవారట. "మా పిల్లలకి అన్నం కూడా అక్కడే పెట్టేదాన్ని" అని ఆవిడ అంటుంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. పాపం, ఆ కార్యక్రమం తొలి రోజుల టేపులు చాలావాటిని చెరిపేసి మళ్ళీ వాడుకున్నారు. అంచేత ఆ పాటలు కొన్ని చూసినవాళ్ళ మనసుల్లోనే మిగిలాయి.

ఇక మెన్ ఎట్ వర్క్ అనే మెల్‌బోర్న్ బృందం పాడిన 'డౌన్ అండర్' పాట 1981లో వచ్చింది. 1983లో ఇటు ఇంగ్లండ్‌లోనూ అటు అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. దాన్ని పాడిన కాలిన్ హే కూడా స్కాట్లండ్ నుంచి పద్నాలుగేళ్ళప్పుడు వచ్చినవాడే. అందులో ఫ్లూటు మీద వచ్చే చిన్న ముక్క, 1930లలో మెల్‌బోర్న్ పంతులమ్మ ఒకావిడ గైడ్స్ పిల్లల కోసం కట్టిన కూకబర్రా పాటలోదని 2010లో కోర్టు తేల్చింది. కూకబర్రా అంటే మన లకుముకి పిట్ట జాతిదే, నవ్వినట్టు అరుస్తుంది.

ఆ పాటలో వెజిమైట్ ఊసు కూడా వస్తుంది. అది ఈస్టుతో చేసే నల్లటి ముద్ద. 1923 నుంచి అక్కడివాళ్ళు రొట్టెకి రాసుకు తింటున్నారు. మనం జామ్ రాసినట్టు దట్టంగా రాస్తే నోట్లో పెట్టలేం. ఉప్పూ చేదూ కలిసిన రుచి. వెన్న బాగా రాసి, పైన వేలి కొసతో అంటించినంత రాస్తే బాగుంటుంది.

వంటింటి పాట కూడా ఒకటుంది. పాల్ కెల్లీ అనే ఆయన 1996లో పాడాడు. జైల్లో ఉన్న ఒకతను క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు తమ్ముడికి ఉత్తరం రాస్తాడు. ఈసారి ఇంట్లో గ్రేవీ ఎవరు చేస్తారన్నది అతని దిగులు. గ్రేవీ ఎలా చెయ్యాలో ఆ ఉత్తరంలోనే చెబుతాడు. అందుకని డిసెంబరు 21ని అక్కడివాళ్ళు సరదాగా 'గ్రేవీ డే' అంటారు. పండక్కి ఇంటికి రాలేని పిల్లలున్న ఏ తల్లికైనా ఆ పాట అర్థమవుతుంది, భాషతో పని లేదు.

పచ్చిక మీద రెండు లక్షల మంది

యారా నది దాటి కాస్త నడిస్తే సిడ్నీ మయ్యర్ మ్యూజిక్ బౌల్ వస్తుంది. 1959లో కట్టిన ఆరుబయటి వేదిక. పైన పందిరిలాంటి కప్పు, ఎదురుగా పచ్చిక వాలు. 1967 మార్చి 12న సీకర్స్ బృందం ఇక్కడ పాడితే దాదాపు రెండు లక్షల మంది వచ్చారని అంచనా. పదహారేళ్ళ పిల్లగా మా పక్కింటావిడ ఆ జనంలో ఉంది. "ఇంట్లో చెప్పకుండా వచ్చాను" అని ఇప్పటికీ సిగ్గుపడుతూ చెప్పింది.

సీకర్స్ అంటే నలుగురు. జుడిత్ డర్హమ్ అప్పట్లో ఆఫీసులో సెక్రటరీ ఉద్యోగం చేసుకునే అమ్మాయి. గంట మోగినట్టుండే గొంతు. గిటారు వాయించే కీత్ పాట్‌గర్ మన పొరుగునే ఉన్న కొలంబోలో పుట్టినవాడు. 1964లో ఓడలో పాటలు పాడుకుంటూ ఇంగ్లండ్ వెళ్ళి, మరుసటి ఏడే అక్కడ మొదటి స్థానానికి చేరారు. ఇంకొకాయన బ్రూస్ వుడ్లీ 1987లో మరొకరితో కలిసి, ఎక్కడెక్కడి నుంచి వచ్చినా మనమంతా ఆస్ట్రేలియావాళ్ళమే అనే పాట కట్టాడు. అది విని మా పిల్ల ఎగిరి గంతేసింది. "పెద్దమ్మా, ఆ పాట మాకు స్కూల్లో నేర్పారు!" అని మొదలుపెట్టింది. పక్కింటావిడ గొంతు కలిపింది. గ్రీకు అమ్మమ్మా, తెలుగు పిల్లా పచ్చిక మీద కూర్చుని ఒకే పాట పాడుతుంటే నేను చూస్తూ ఉండిపోయాను.

అయితే ఓడల్లో వచ్చినవాళ్ళ పాటలే ఆ దేశం కథంతా అనుకోకూడదు. ఫిట్జ్‌రాయ్ పేటతో ముడిపడిన ఆర్చీ రోచ్ అక్కడి ఆదివాసి గాయకుడు. పసితనంలోనే ప్రభుత్వం వాళ్ళు అతన్ని కన్నవాళ్ళ దగ్గర్నుంచి తీసుకుపోయారు. అలా ఎందరో పిల్లల్ని తీసుకుపోయారు. 1990లో అతను దాన్నే పాటగా పాడాడు. 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి పార్లమెంటులో ఆ తల్లులకీ పిల్లలకీ క్షమాపణ చెప్పారు.

2022 జూలై 30న ఆర్చీ రోచ్, ఆగస్టు 5న జుడిత్ డర్హమ్, ఆగస్టు 8న ఒలీవియా న్యూటన్ జాన్ పోయారు. పది రోజుల్లో మూడు గొంతులు. ఒలీవియా కూడా అయిదారేళ్ళప్పుడు ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ వచ్చిన పిల్లే. ఆవిడ పేరు మీద ఆ ఊళ్ళో క్యాన్సర్ ఆసుపత్రి నడుస్తోంది. ఆ పది రోజులూ ఇంట్లో మనిషి పోయినట్టే ఉందని పక్కింటావిడ చెప్పింది.

ఆవిడ చెప్పిన ఇంకో మాట కూడా మీకు చెప్పాలి. "మా అమ్మకి గ్రీకు పాటలే పాటలు. నేను రేడియోలో ఇవి వింటుంటే, పిల్ల చెయ్యి జారిపోతోందని ఏడ్చేది. వంటింట్లో అమ్మ పాట, ముందుగదిలో నా పాట, రెండూ ఒకేసారి మోగేవి. ఇప్పుడు నాకు రెండూ కావాలి. ఏది విన్నా అమ్మే గుర్తొస్తుంది" అంది.

ఆ మాట మా చెల్లెలికి చేరవేశాను. ఆలోచించండి, ఆ దేశం తనవని దాచుకున్న పాటల్లో ఎన్నో, అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని దిగిన పరాయి దేశపు పిల్లలు పాడినవే. అంటే ఆ పిల్లలు ఎక్కడికీ జారిపోలేదు. ఆ ఊరినే కాస్త తమదిగా చేసుకున్నారు.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్ళే పనుంటే ఓ రోజు ఈ పాటల దారి పట్టండి. సిటీ మధ్యలో ట్రాముకి టిక్కెట్టు అక్కర్లేదు. గొడుగూ స్వెట్టరూ మాత్రం మరిచిపోకండి. అక్కడ ఒక్కరోజులోనే నాలుగు కాలాలూ వస్తాయని సామెత, దాని మీదా క్రౌడెడ్ హౌస్ వాళ్ళు ఓ పాట పాడారు. సంచిలో పులిహోర పొట్లం, మజ్జిగ సీసా పెట్టుకుంటే మ్యూజిక్ బౌల్ పచ్చిక మీద హాయిగా తినొచ్చు. పక్కన ఎవరైనా పెద్దావిడ కూర్చుంటే, చిన్నప్పుడు ఏ పాటలు వినేవారని అడిగి చూడండి. మీకో స్నేహితురాలు దొరికినట్టే.