ఎడారిలో లడ్డూకి ఒక పుట్ట

ఫీనిక్స్‌కి వచ్చిన కొత్తలో ఉతికిన జీన్స్ బాల్కనీలో ఆరేస్తే గంట తిరక్కుండానే అప్పడంలా తయారయ్యేది. వానాకాలంలో రెండు రోజులైనా బట్టలారని అమలాపురంలో పెరిగినవాణ్ణి కదా, భలే ఊరు దొరికిందనుకున్నా. వారం తిరిగేసరికి పెదాలు పగిలాయి. ముక్కులోంచి రక్తం కూడా వచ్చింది. అమ్మ సూట్‌కేస్‌లో పెట్టిన కొబ్బరినూనె తలకంటే మోచేతులకే ఎక్కువ ఖర్చయింది.

ఇక్కడి ఎండ గురించి అందరూ చెబుతారు. 2023లో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులపాటు 110 ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 డిగ్రీల పైనే. పొడిగాలి ఏం చేస్తుందో మాత్రం నాకు ఒక పాము వల్ల తెలిసింది.

పాము నాది కాదు, రూమ్మేట్‌ది. బాల్ పైథాన్. పశ్చిమ, మధ్య ఆఫ్రికా జాతి, విషం లేదు. భయపడితే తల లోపల దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది, అందుకే పేరు లడ్డూ. (మన దగ్గర నాగుపామునో జెర్రిపోతునో ఇలా పెంచుదామనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.) వాడు చెల్లి పెళ్లికని జూన్‌లో మూడు వారాలు హైదరాబాద్ వెళ్తూ, “ఏం పెద్ద పనుండదు మామా, నీళ్లు మార్చు చాలు” అన్నాడు.

వాడు వెళ్లిన నాలుగో రోజు లడ్డూ రంగు మాసిపోయింది. కళ్లు పాలు పోసినట్టు నీలంగా మారాయి. గుడ్డిదైపోయిందేమోనని భయపడి ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. కుబుసం విడిచే ముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరుతుందట, అందుకే ఆ మసక. ఆ రోజుల్లో సరిగ్గా కనబడదు కాబట్టి ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు అన్నాడు. కొన్నాళ్లకి కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత ముక్కు దగ్గర మొదలుపెట్టి, సాక్సు తిరగేసి విప్పినట్టు మొత్తం ఒకే ముక్కగా వదిలేస్తుంది.

కళ్లు తేటపడ్డాయి గానీ ఒకే ముక్కగా రాలేదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి పెట్టె నిండా చిరిగిన పేలికలు. వీపు మీద ఎండిన ఫెవికాల్ లాంటి పొరలు, తోక చివర ఒక బిగుతు ఉంగరం, ఎడమ కంటి మీద మసక బిళ్ల. తేమ మీటరు చూస్తే 18 శాతం! దానికి మామూలు రోజుల్లోనే 60 దాకా ఉండాలి, కుబుసం టైములో ఇంకాస్త ఎక్కువ. పైన జాలీ మూత, పక్కనే ఏసీ గాలి. నీళ్లు మార్చా గానీ మీటరు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మనకి ఏదైనా పొర కనబడితే గీకెయ్యాలనిపిస్తుంది కదా. ట్వీజర్స్ తెచ్చి, వీడియో కాల్ ఆన్ చేసి, కంటి బిళ్ల అంచు పట్టుకోబోయాను. అటునుంచి వాడు పెళ్లి పందిట్లోనే అరిచాడు: “ఒరేయ్, కన్ను పోతుందిరా!”

పాముకి కనురెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పారదర్శక పొలుసు ఉంటుంది, కుబుసంతోపాటు అదీ ఊడాలి. ఊడనప్పుడు మనం లాగితే కింద ఉన్న కొత్త పొలుసు కూడా చిరగొచ్చు. నా చేతికీ ఆ నష్టానికీ మధ్య అంగుళం దూరమే ఉంది. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

పొద్దున్నే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడకి కంటికంటే తోక ఉంగరం గురించే ఎక్కువ బెంగ. అది బిగిస్తే రక్తం ఆడక తోక చివర చచ్చిపోతుందట. గోరువెచ్చటి నీళ్లు దాని ఒంట్లో సగం మునిగేంత పోసి అరగంట ఉంచమన్నారు, పక్కనుంచి కదలొద్దన్నారు. తర్వాత తడి టవల్ చుట్టి అందులోంచి దాన్నే పాకనివ్వాలి. అలా చేస్తే వీపు పొరలు టవల్‌కే అంటుకున్నాయి. రెండో రోజుకి ఉంగరం జారింది. కంటిని మాత్రం ముట్టుకోవద్దు, వచ్చే కుబుసం దాకా ఆగి చూద్దాం అన్నారు.

ఇంటికి ఫోన్ చేస్తే, పామున్న కొంపలో ఎలా ఉంటున్నావురా అని అమ్మ గోల. మామ్మ ఫోన్ లాక్కుంది. “పుట్ట లోపల చల్లగా చెమ్మగా ఉంటుందిరా, అందుకేగా పాములు చేరేది. దాన్ని గాజుపెట్టెలో ఎండబెడితే ఎలాగ?” నాగుల చవితికి ఏటా పుట్టలో పాలు పోసే మనిషి. ఆఫ్రికాలో బాల్ పైథాన్లు కూడా చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో దాక్కుంటాయని ఆ రాత్రే చదివాను.

మరి ఈ ఎడారి పాముల సంగతేంటి? ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి సౌత్ మౌంటెన్ ఎక్కుతుంటే రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న కుబుసం కనిపించింది. ఏ పాముదో తెలీదు. తల నుంచి తోక దాకా ఒకే ముక్క. దాని పక్కనే నేలలో ఒక బొరియ. బయట నిప్పులు చెరిగే ఈ ఊళ్లో కూడా నేల లోపల వాటికి చెమ్మ దొరుకుతోందన్నమాట, రాచుకోవడానికి గరుకు రాయి ఎలాగూ ఉంది.

ఇంటికొచ్చి ప్లాస్టిక్ డబ్బాకి గుమ్మం కోసి, పిండిన తడి నాచు నింపాను. నాచు తడిగా ఉండాలి గానీ నీళ్లు కారకూడదు, లేకపోతే పొట్ట పొలుసులు పాడవుతాయి. జాలీ మూత సగం మూసి, ఏసీ గాలి పక్కకి తిప్పా. మీటరు 65కి వచ్చింది. లడ్డూ డబ్బాలో దూరి రెండు రోజులు బయటికి రాలేదు.

జులై చివర్లో ఇక్కడి వాన పడింది. ముందు ధూళి గోడ, తర్వాత క్రియోసోట్ పొదల వాసన, పావుగంట జోరు. రూమ్మేట్ అప్పటికి తిరిగొచ్చాడు. ఆ వారమే లడ్డూ కళ్లు మళ్లీ నీలమయ్యాయి. ఈసారి ఇద్దరం దూరంగానే ఉన్నాం.

ఒక పొద్దున డబ్బా గుమ్మం దగ్గర పొడవాటి కుబుసం, ఇంకా తడిగానే. ముందు తల భాగం లైటుకి ఎదురుగా పట్టి చూశాను. కుడి కంటి దగ్గర కాంటాక్ట్ లెన్స్‌లా ఒక గుండ్రటి బిళ్ల. ఎడమ కంటి దగ్గర ఒకదాని మీద ఒకటి, రెండు.

ఫొటో తీసి మామ్మకి పంపాను. “వచ్చేటప్పుడు తీసుకురా, చూస్తాను” అంది. అమ్మ మాత్రం ఆ వాట్సాప్ మెసేజ్‌కి ఇంతవరకూ రిప్లై ఇవ్వలేదు.