వెలుగు అద్దెకిచ్చే వీధి

హైదరాబాద్ మెట్రోలో యూసుఫ్‌గూడ స్టేషన్ దగ్గర దిగి కాసేపు నడిస్తే కృష్ణానగర్ వచ్చేస్తుంది. తెలుగు సినిమాకి జూబ్లీహిల్స్ డ్రాయింగ్‌రూమ్ అయితే ఇది వంటగది. తెల్లారకముందే టీ కొట్ల దగ్గర జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు గుమిగూడతారు. వ్యాన్లు వస్తాయి, ఎక్కించుకుని పోతాయి. ఆ తర్వాత వీధి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కాస్ట్యూములు అద్దెకిచ్చే షాపులు షట్టర్లు ఎత్తుతాయి. ఒక షాపులో పోలీసు యూనిఫారాలు, పక్క షాపులో విగ్గులు, ఆ పైన కెమెరాలూ లైట్లూ అద్దెకిచ్చేవాళ్లు. ఈ వీధిలో అద్దెకు దొరకని వస్తువంటూ లేదేమో! చివరికి వెలుగు కూడా అద్దెకే... గంటకింత, పూటకింత.

పదకొండు దాటాక ఇంకోరకం జనం కనిపిస్తారు. చేతిలో సూట్‌కేసు, భుజాన హ్యాంగర్లకు తగిలించిన బట్టలు, పక్కన నాన్నో అన్నయ్యో మేనత్తో. గోడలమీద బోర్డులు చూసుకుంటూ మెట్లెక్కుతుంటారు. వాళ్లంతా ‘పోర్ట్‌ఫోలియో’ కోసం వచ్చినవాళ్లు. మోడలింగ్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లు తమని తాము చూపించుకోవడానికి తీయించుకునే ఫొటోల కట్ట అది. 2025 మేలో ప్రపంచసుందరి పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి కదా, ఆ కిరీటం తళుకు ఈ ఇరుకు మెట్లమీద కూడా కొంత పడే ఉంటుంది.

నేను ఎక్కిన మెట్లు ఒక కర్రీ పాయింట్ పక్కనుంచి వెళ్తాయి. రెండో అంతస్తు. కిందనుంచి పోపు వాసన వస్తున్నా లోపల మాత్రం ఏసీ చల్లదనం. గది పెద్దదేం కాదు, మన ఊళ్లో పెళ్లిళ్లకు రెండు వరసల్లో బంతి వేసేంత. ఒక చివర పైనుంచి కిందకి జారుతున్న తెల్లకాగితం రోల్. వెడల్పు తొమ్మిదడుగులు. గోడా నేలా కలిసేచోట మడత లేకుండా వంపు తిరిగి ముందుకు పరచుకుని ఉంటుంది. దానిమీద నిలబడ్డ మనిషి వెనక మూల కనిపించదు, గీత కనిపించదు. ఎక్కడ నిలబడ్డారో చెప్పలేం. అందుకే మ్యాగజైన్లలో మోడళ్లు గాల్లో ఉన్నట్టుంటారు!

ఆ రోజు వచ్చింది సూర్యాపేట వైపు నుంచి ఒక అమ్మాయి. బీటెక్ అయిపోయింది. మంచి పొడగరి. చామనచాయకన్నా ఒక పిసరు ఎక్కువే నలుపు. వెంట నాన్న, మేనత్త. వచ్చే ఉగాది దాకా గడువిచ్చారట. ఈలోపు ఏదో ఒక అవకాశం రావాలి. లేదంటే ఉద్యోగమో సంబంధమో చూసుకోవాలి. ఇది ఆ నాన్న మాటల్లోనే చెప్పాలి. ‘‘ఒక్క ఏడాది అడిగింది సార్, కాదంటే బతుకంత యాది చేస్తది కదా’’ అన్నాడాయన, మంచినీళ్ల గ్లాసు కింద పెడుతూ.

ఫొటోగ్రాఫర్‌ది తెనాలి. యాభై దాటాయి. పెళ్లి ఫొటోలతో మొదలుపెట్టి, స్టిల్ ఫొటోగ్రాఫర్ల దగ్గర అసిస్టెంటుగా చేసి, ఇక్కడ తేలారు. మాట తక్కువ, పని ఎక్కువ. ముందుగా ఆయన చేసిన పని ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. గదిలోని ట్యూబ్‌లైట్లన్నీ ఆర్పేశారు. ‘‘చీకటి చేసుకోకపోతే వెలుగెక్కడ పెట్టాలో తెలీదండీ’’ అన్నారు.

లైట్ల సంగతి బయటివాళ్లకి పెద్ద మంత్రంలా కనిపిస్తుంది గానీ, సగం విద్య మన పెరట్లోనే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి ఫొటో తీస్తే కళ్లకింద గుంటలు, ముక్కుకింద నల్లటి నీడ. అదే మనిషిని మబ్బుపట్టిన రోజు తీస్తే మొహం నున్నగా వస్తుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకు అందనంత దూరంలో ఉన్నాడు కాబట్టి ఆకాశంలో చిన్న బిళ్లే. నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మబ్బు కమ్మితే ఆకాశమంతా ఒకే పెద్ద దీపం అవుతుంది. అన్నివైపుల నుంచీ వచ్చే వెలుగు నీడల అంచుల్ని కరిగించేస్తుంది. స్టూడియోలో సాఫ్ట్‌బాక్స్ అంటే ఆ మబ్బునే తెల్లగుడ్డతో పెట్టెలా కట్టడం. మెత్తటి వెలుగు కావాలంటే పెట్టె పెద్దదిగా ఉండాలి, మొహానికి దగ్గరగా ఉండాలి. పదునైన వెలుగు కావాలంటే చిన్నది, దూరం.

దూరంతో ఇంకో తమాషా ఉంది. లైటుని మూడడుగుల నుంచి ఆరడుగులకు జరిపితే మనిషి మీద పడే వెలుగు సగం అవుతుందనుకుంటాం. కాదు, నాలుగోవంతు అవుతుంది. ఇంటర్ ఫిజిక్సులో చదివి మరిచిపోయిన లెక్కే. ఆ లెక్కతోనే తెనాలి ఆయన ఒక గారడీ చూపించారు. అమ్మాయిని లైటుకి బాగా దగ్గరగా, కాగితానికి దూరంగా నిలబెట్టారు. కంప్యూటర్ తెరమీద చూస్తే వెనకనున్న తెల్లకాగితం ముదురు బూడిదరంగులో ఉంది! అమ్మాయిని వెనక్కి జరిపి, కాగితానికి వేరుగా రెండు లైట్లు వేశారు. అదే కాగితం పాలలా మెరిసింది. మోడళ్ల ఫొటోల్లో రంగురంగుల గోడలన్నీ నిజంగా ఉండవన్నమాట.

ఎడమవైపు పెద్ద సాఫ్ట్‌బాక్స్, కుడివైపు లైటేమీ లేదు. ఒక తెల్ల థర్మోకోల్ షీటు అంతే. దానికి తగిలి తిరిగొచ్చిన వెలుగు నీడని కాస్త లేపుతుంది. ఆ షీటుకి రెండోవైపు నల్లరంగు పూసి ఉంది. నలుపుని అమ్మాయి వైపు తిప్పితే నీడ ఇంకా చిక్కబడి దవడ గీత తేలుతుంది. వేలకు వేల రూపాయల ఫ్లాషుల మధ్య ఈ థర్మోకోల్ ముక్కే నాకు నచ్చింది. వినాయకచవితి మండపాల తర్వాత దానికింత గౌరవం ఎక్కడా చూడలేదు.

తొలి నాలుగు ఫొటోలు తెరమీద పడగానే నాన్న లేచి వచ్చాడు. కాసేపు చూశాడు. గొంతు తగ్గించి, ‘‘అన్నా, జర తెల్లగ వచ్చేటట్టు తియ్యరాదే’’ అన్నాడు. అమ్మాయి వినిపించుకోనట్టు జుట్టు సర్దుకుంది.

తెల్లగా చెయ్యడం ఆ గదిలో అన్నిటికన్నా తేలికైన పని. లైటు రెండింతలు చేస్తే చాలు, లేదంటే తర్వాత కంప్యూటర్లో రెండు నొక్కులు. తెనాలి ఆయన కాదనలేదు. తీసి చూపించారు. మొహం తెల్లబడింది నిజమే. కానీ చెంప ఎముక మాయమైంది, ముక్కు బల్లపరుపుగా అయింది, మెడలో సన్నగొలుసు వెలుగులో కలిసిపోయింది. ‘‘ఇది మీ పాపేనాండీ?’’ అని అడిగారు. ‘‘దీన్ని చూసి పిలుస్తారు. ఎదురుగా వెళ్లి నిలబడితే ఫొటోలో అమ్మాయి ఏదమ్మా అంటారు. ఆటో చార్జీలు దండగ.’’

ఇది ఒక్క సూర్యాపేట నాన్న చాదస్తం కాదు. రంగుల ఫొటోలకే పుట్టుకతో వచ్చిన జబ్బు. 1950ల నుంచి కోడక్ కంపెనీ ఫొటో ల్యాబులకు ఒక కార్డు పంపేది. దానిమీద ఒక తెల్లజాతి యువతి ఫొటో ఉండేది. మొదటి కార్డుకి ఫొటో దిగిన ఉద్యోగిని పేరుతో దానికి ‘షర్లీ కార్డు’ అని పేరొచ్చింది. ఆమె మొహం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు! నల్లని మొహాలు బొగ్గుముద్దల్లా వస్తే అది ఆ మొహాల తప్పు. ఆ ఫిల్ములో ముదురు గోధుమరంగు ఛాయలు సరిగా రావడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసిందెవరో తెలుసా? చెక్క ఫర్నిచర్ కంపెనీలు, చాక్లెట్ కంపెనీలు. బల్లలకీ మిఠాయిలకీ దొరికిన న్యాయం మనుషులకి ఆ తర్వాతే దొరికింది. వేర్వేరు రంగుల స్త్రీలున్న కార్డు 1990ల మధ్యలోగానీ రాలేదు. మన దగ్గరా ప్రకటనల్లో నల్లగా ఉన్నవాళ్లని తక్కువగా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మార్చుకుంది. ట్యూబు మీద పేరు మారినంత తేలిగ్గా నాన్నల మనసు మారుతుందా!

మరి నల్లని చర్మానికి వెలుగెలా పెట్టాలి? తెనాలి ఆయన చేసింది చూసి చెబుతున్నాను. తెల్లని చర్మం మీద నీడ రూపాన్ని చూపిస్తుంది. నల్లని చర్మం మీద మెరుపు చూపిస్తుంది. గుడిలో నల్లరాతి విగ్రహం గుర్తు తెచ్చుకోండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనిపించదు. పక్కనుంచి దీపం చూపిస్తే కనుబొమ, ముక్కు, పెదవి ఒక్కో వంపూ లేచి వస్తుంది. ఆయనా పెద్ద సాఫ్ట్‌బాక్సుని ఎదురుగా కాక పక్కకు, కాస్త వెనక్కి తిప్పి పెట్టారు. చెంపమీద, భుజంమీద పొడుగాటి మెరుపు వచ్చింది. వెనకనుంచి ఇంకో చిన్న లైటు జుట్టు అంచుని గీసింది. లేకపోతే నల్లజుట్టు ముదురు గోడలో కలిసిపోతుంది. మేకప్ చేసే అమ్మాయికి ఒకటే సూచన: ‘‘పౌడరు ఎక్కువ కొట్టకమ్మా, ఆ మెరుపు నాకు కావాలి.’’ ఆమె మొహానికి వేసే రంగుని మెడతో పోల్చి చూసుకుని వేసింది. మొహం ఒక రంగు, మెడ ఒక రంగు... మన పెళ్లి ఆల్బమ్‌లన్నీ అంతే కదా.

బట్టల సంగతి చెప్పకపోతే మేనత్తకి కోపం వస్తుంది. ఆవిడ తెచ్చిన పట్టుచీర నెమలికంఠం రంగు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. చీర మడత తిరిగినచోటల్లా రంగు మారాలి. ఎదురు వెలుగులో అది మామూలు నీలంచీరలా చచ్చిపోయింది, జరీ తెల్లమచ్చలా పేలింది. పక్కవెలుగులోకి తిప్పగానే నీలం, ఆకుపచ్చ విడివిడిగా పలికాయి. ముందునుంచి చూస్తే కుట్టు పోసినట్టున్న జాకెట్టు వెనక్కి వెళ్లి చూద్దును గదా... కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పులు నాలుగు! వదులుగా ఉన్నదంతా వెనక్కి లాగి బిగించారు. కుచ్చిళ్లకు లోపల పిన్నీసులు. అసిస్టెంటు కుర్రాడు పమిట చెంగుని ఎగరేసి తప్పుకుంటాడు, అది గాల్లో ఉండగానే ఫ్లాష్ వెలుగుతుంది. కన్నుమూసి తెరిచేలోపు వందోవంతు కూడా పట్టని ఆ వెలుగుకి చెంగు రాయిలా ఆగిపోతుంది. పదిహేనుసార్లు ఎగరేస్తే ఒకటి కుదిరింది. క్యాటలాగుల్లో చీరలు చూసి, ‘మనం కట్టుకుంటే అలా ఉండదేం’ అని బాధపడే ఇల్లాళ్లకు ఈ క్లిప్పుల సంగతి చెప్పాలనే ఈ పేరా.

అమ్మాయి మాత్రం బిగుసుకుపోయి ఉంది. నవ్వమంటే పళ్లు కనిపిస్తున్నాయి గానీ కళ్లు నవ్వడం లేదు. ఫొటోగ్రాఫర్ నాన్నని బయటికి పొమ్మనలేదు. థర్మోకోల్ షీటు వెనక కుర్చీ వేయించారు. ‘‘మీరు ఇక్కడే ఉండాలండి, కానీ పాపకి కనిపించకూడదు’’ అన్నారు. ఆడపిల్ల ఫొటో ఎవరి ఎదుట దిగాలనే ప్రశ్న ఈ నగరానికి కొత్తది కాదు. ఆరో నిజాం కాలంలో లాలా దీన్‌దయాళ్ 1892లోనే ఇక్కడ జనానా స్టూడియో పెట్టారు. ఘోషా స్త్రీల కోసం. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల ఫొటోలు తీసింది మగవాడు కాదు, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిషు మహిళ. థర్మోకోల్ షీటు ఆ గోడకి మునిమనవరాలనుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన అందరినీ డాబామీదికి తీసుకెళ్లారు. మేకప్ కడిగించారు. జుట్టు వెనక్కి ముడి, నల్ల టీషర్టు, జీన్సు. నీళ్లట్యాంకు నీడలో, సున్నం గోడ ముందు నిలబెట్టి ఎదురుగా, పక్కనుంచి, నిలువెత్తున తీశారు. లైట్లు లేవు, ఫ్లాష్ లేదు. నాన్న మొహం చిన్నబోయింది. ‘‘ఇవి మా ఫోన్ల గూడ తీస్తం కదన్నా’’ అన్నాడు. ‘‘తీయొచ్చండి. తీయాలి కూడా’’ అన్నారు ఆయన. మోడలింగ్ ఏజెన్సీలు మొదట అడిగేది ఇలాంటివే. ఆ రంగంలో వాటిని ‘పోలరాయిడ్స్’ అంటారు. అసలు మనిషి ఎలా ఉందో తెలియాలి. లైటింగూ స్టైలింగూ ఆ తర్వాత వాళ్ల పని. కాబట్టి పిల్లలకి ఈ ఆశ ఉన్న ఇళ్లలో లక్షలు పోసేముందు కిటికీ పక్కన తెల్లగోడ వెతుక్కోవడం మేలు. నీడపట్టు వెలుగుని తక్కువ చేయక్కర్లేదు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1950లో పారిస్‌లో ఒక మేడమీది గదిలో, పాత నాటక తెరని వెనక కట్టి, పగటి వెలుగులోనే వోగ్ పత్రిక కోసం ఫ్యాషన్ ఫొటోలు తీశాడు. ఇప్పటికీ వాటిని చూసే విద్యార్థులు పాఠాలు నేర్చుకుంటున్నారు.

ఈ కుటుంబం ఇక్కడికి రాకముందు ఇంకోచోటికి వెళ్లొచ్చింది. అక్కడ ఒక సంస్థవాళ్లు అవకాశం గ్యారంటీ అన్నారట, ముందు ఎనభై వేలు కట్టి తమ దగ్గరే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలన్నారట. మేనత్త లెక్కమనిషి. ‘‘పని ఇచ్చేటోళ్లు పైసలు ఇయ్యాలె గానీ తీసుకునుడేంది’’ అని లేచి వచ్చేసిందట. నాకు తెలిసి ఈ రంగంలో ఇంతకు మించిన సలహా లేదు. నికరమైన ఏజెన్సీ పని ఇప్పించి అందులోంచి కమిషన్ తీసుకుంటుంది. ఇంకో రెండు జాగ్రత్తలు: బట్టలు మార్చుకునే గదిని ఇంట్లో పెద్దావిడ ముందుగా చూసి రావాలి, ఫొటోలు ఎక్కడెక్కడ వాడతారో కాగితం మీద రాయించుకోవాలి.

సాయంత్రం కంప్యూటర్ ముందు ఎంపిక. దాదాపు నాలుగొందల ఫొటోల్లోంచి పన్నెండు. నాన్న నెమలికంఠం చీర దగ్గర ఆగాడు. మెరుపు ఉన్న ఫొటోనే, తెల్లగా చేసింది కాదు. ‘‘మా అమ్మ లెక్క ఉన్నది’’ అన్నాడు. అమ్మాయి అది ఉంచమంది. ఆ తెల్లటి ఫొటో తీసేయాలా వద్దా అని అసిస్టెంటు అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు.

కింద అప్పటికే ఒక వ్యాను ఆగి ఉంది. చీరల షాపువాళ్లు, పండగ క్యాటలాగుకి మూటలతో వచ్చారు. కుర్రాడు కాగితం మీద చెప్పుల గుర్తులు పడ్డంత మేర బ్లేడుతో కోసి, పైనుంచి కొత్త కాగితం దించాడు. తెనాలి ఆయన మళ్లీ ట్యూబ్‌లైట్లు ఆర్పేశారు.