తార్నాకలో ఒక యుద్ధనౌక

హైదరాబాదుకు సముద్రం లేదు. మూసీ ఉన్నది గాని, దానిమీద యుద్ధనౌకలు నడిచిన దాఖలా లేదు. అలల చప్పుడు వినాలంటే తార్నాకవాసి ఒక రాత్రంతా రైలులో ప్రయాణం చేయవలసిందే. అటువంటి తార్నాకలో, ఒక పాత ఇంటి మేడగదిలో, నీలిరంగు దుప్పటి పరచిన భోజనాల బల్లమీద ప్రతి ఆదివారం సాయంత్రం నౌకాయుద్ధం జరిగేది. ఆ ఇంటి యజమాని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లు చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకున్న ఆచార్యులు. ఎదుటి పక్షాన కూర్చునేవాడు విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉంటూ రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్న యువకుడు. అతనిది విశాఖపట్నం జాలరిపేట. అతని తాత తెప్పమీద వేటకు వెళ్లి కుటుంబాన్ని పోషించినవాడు.

బల్లమీద బొమ్మ ఓడలను నడపడం పెద్దవాళ్లకు తగిన పనేనా అని ఇరుగుపొరుగువారు నవ్వుకునేవారు. ఆచార్యులు నొచ్చుకునేవారు కారు. ఎడింబరోకు చెందిన జాన్ క్లర్క్ అనే వ్యాపారి ఏనాడూ నౌకాదళంలో పనిచేయలేదు. అయినా చిన్న చిన్న కొయ్య ఓడలను బల్లమీద అటూ ఇటూ జరుపుతూ ఆలోచించి, నౌకాయుద్ధ వ్యూహాలపై 1782లో ఒక గ్రంథం అచ్చువేయించాడు. సముద్రం చూసినవారికి తోచనిది బల్ల చూసినవాడికి తోచవచ్చునని ఆచార్యుల వాదం. అందులో కొంత నిజం, కొంత సమర్థన.

వారు ఆడదలచిన యుద్ధం మాత్రం పరాయిది కాదు. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ముందు జరిగినది. అప్పటికి అక్కడ నేటి ఓడరేవు లేదు. అది 1933లో గాని ప్రారంభం కాలేదు. ఓడలు తీరానికి ఎడంగా, తెరచిన సముద్రంలోనే లంగరు వేసేవి. ఆనాడు బ్రిటిషు యుద్ధనౌక సెంచూరియన్ 50 ఫిరంగులతో, రెండు వర్తకనౌకలకు కాపలాగా నిలిచి ఉన్నది. దాని నాయకుడు జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డునే ఉన్నాడు. అంతలో ఫ్రెంచి సేనాని లినోవా 74 ఫిరంగుల మారెంగో నౌకతో, మరి రెండు ఫ్రిగేటులతో వచ్చిపడ్డాడు. లిండ్ పోరు నడుస్తుండగా పడవమీద తన ఓడకు చేరుకున్నాడు. వర్తకనౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకువచ్చి పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం చిక్కలేదు. దెబ్బతిన్నా తీరం పట్టుకొని నిలిచింది. తెలియని లోతుల్లోకి తన పెద్ద ఓడను నడిపే సాహసం చేయలేక లినోవా వెనుదిరిగాడు.

చిక్కంతా బొమ్మ దగ్గరే వచ్చింది. ఏడువందల వంతు కొలతతో తయారైన ప్లాస్టిక్ ఓడలు రెండు ఆచార్యుల వద్ద ఉన్నవి. రెండూ 74 ఫిరంగులవే. ఒకటి మారెంగోకు సరిపోతుంది. 50 ఫిరంగుల ఓడను ఎవరూ అంతగా చేయరు. కారణం లేకపోలేదు, బారులు తీరి పోరాడటానికి బలం చాలక, తరిమి పట్టుకోవడానికి వేగం చాలక, ఆ కాలానికే అది పాతబడిన జాతి. కనుక రెండవ ఓడను కోసి చిన్నది చేయడమొక్కటే మార్గం.

ఆచార్యులు మూడు వారాలు లెక్కలు వేశారు. పొద్దున్నే తార్నాక నుంచి ఆర్ట్స్ కళాశాల మీదుగా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నడిచి వెళ్లి, పుస్తకాల్లోని కొలతలు రాసుకొచ్చేవారు. సెంచూరియన్ ఫిరంగుల అంతస్తు పొడవు 146 అడుగులు. ఏడువందల వంతుకు దించితే ఆరు సెంటీమీటర్ల మీద నాలుగు మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువ. చేతిలోని బొమ్మ పొడవు ఎనిమిది సెంటీమీటర్లు. అంటే 16 మిల్లీమీటర్లు పోవాలి. బొమ్మకు ఒక్కొక్క పక్క కింది వరుసలో 14, పై వరుసలో 15 ఫిరంగి గవాక్షాలున్నవి. సెంచూరియన్‌కు రెండు వరుసల్లోనూ పదకొండేసి. నడుము దగ్గర మూడు గవాక్షాల మేర తీసివేస్తే సరిగ్గా ఆ 16 మిల్లీమీటర్లే పోతాయి! పై వరుసలో ఒకటి మిగులుతుంది; దాన్ని పూడ్చవచ్చు. లెక్క ఇంత చక్కగా కుదిరిన రోజున ఆచార్యులు రాత్రి భోజనం సంగతే మరచిపోయారు.

కోయడం మాత్రం లెక్కంత సులువుగా సాగలేదు. సన్నపళ్ల రంపంతో, ఊపిరి బిగబట్టి, ముందు వెనుక రెండు కోతలు కోశారు. రెండవ కోత అరమిల్లీమీటరు వాలింది. ముక్కలను దగ్గర చేర్చి చూస్తే ఓడ నడుము దగ్గర వంగినట్లు కనబడింది. అతుకులో ఒకవైపు వెలుగు దూరుతున్నది. మరొక ఓడ లేదు. కోసినది తిరిగి రాదు. ఆ వారం ఆయన మేడగది తలుపు తీయలేదు.

తలుపు తీయించినవాడు విద్యార్థి. కోసి పారవేసిన నడుము ముక్కను వెతికి తీసి, దాన్ని సన్నగా తరిగి, రంగుల దుకాణంలో దొరికే థిన్నరులో ఒక సీసాలో నానబెట్టాడు. పాలిస్టైరీన్ దానిలో కరుగుతుంది. తెల్లవారేసరికి చిక్కని గంజి తయారైంది. ఆ గంజిని అతుకులో నింపి ఆరనిస్తే థిన్నరు ఆవిరైపోయి ప్లాస్టిక్ మాత్రం మిగులుతుంది. ఓడలోంచి తీసిన ముక్కే ఓడ అతుకును పూడ్చింది. ఆ తర్వాత ఆకురాయి పని: అరగదీయడం, చూడడం, మళ్లీ అరగదీయడం. వెడల్పు కూడా మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. ఓడ దేహం రెండు అరలుగా వచ్చింది గనుక, అవి కలిసే అంచులను చెరి ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గించారు. కంబాలను అయిదింట ఒకవంతు కురచ చేశారు. లంగరు వేసిన ఓడకు విప్పిన తెరచాపలుండకూడదు. కాబట్టి పలుచని కాగితాన్ని తడిపి, చుట్టి, అడ్డకొయ్యలకు దారంతో కట్టారు. దారానికి తేనెమైనం పట్టిస్తే నూగు లేవదు.

ఓడ పూర్తయింది. పూర్తయిన సాయంత్రం విద్యార్థి దానిని మెచ్చుకున్నాడు. మెచ్చుకొని, దుప్పటి అంచున తీరంగా గీసిన సుద్దగీతవైపు చాలాసేపు చూశాడు.

"సార్, లిండ్ ఒడ్డున ఉన్నాడన్నారు. అలలు దాటి ఓడకు ఎలా చేరాడు?"

"పడవమీద, నాయనా."

"ఆ పడవ ఏది సార్, ఈ బల్లమీద?"

ఆచార్యులు వెంటనే బదులు చెప్పలేకపోయారు. ముప్పై ఏళ్లు ఈ యుద్ధాన్ని తరగతిలో చెప్పారు. ఓడల పేర్లు, ఫిరంగుల సంఖ్య, సేనానుల తప్పొప్పులు చెప్పారు. తీరాన ఉన్నవారిని గురించి ఒక వాక్యమైనా చెప్పిన జ్ఞాపకం లేదు. విశాఖ తీరంలో విరిగే అలల వరుసలను విదేశీ ఓడల పడవలు దాటడం కష్టం. ఆ పని మసూలా పడవలది. వాటి పలకలను మేకులతో కొట్టరు. కొబ్బరి తాళ్లతో కుడతారు. అందువల్ల అల కొట్టినప్పుడు పడవ పగలక వంగుతుంది. అంతకంటె చిన్నది తెప్ప, నాలుగు దుంగలను తాడుతో కట్టినది. దానికి ముంపు భయమే లేదు. ఏడు సముద్రాల ఓడలను వర్ణించిన పుస్తకాలు ఆచార్యుల అలమరలో ఉన్నవి. శ్రీనాథుడి హరవిలాసాన్ని అంకితం పొందిన అవచి తిప్పయ్య సెట్టి సముద్రవ్యాపారాన్ని గురించి ఆయన గంటసేపు మాట్లాడగలరు. అయినా ఆ సరకును అలలు దాటించిన చేతులు ఎవరివన్న ప్రశ్న ఆయనకు తార్నాకలో, డెబ్బై ఏళ్ల వయసులో, ఒక శిష్యుని నోట ఎదురైంది.

ఆ రాత్రే పని మొదలుపెట్టారు. ఏడువందల వంతులో తెప్ప పొడవు ఒక సెంటీమీటరుకు మించదు. అగ్గిపుల్లలను చీల్చి నాలుగేసి చొప్పున దారంతో కట్టారు. మసూలా పడవకు చింతగింజ పొట్టు ప్రయత్నించారు గాని వంపు తిరగలేదు. చివరకు తడిపిన అట్టముక్క నయమనిపించింది. మొత్తం ఆరు తెప్పలు, రెండు పడవలు. వాటికి ఫిరంగులు లేవు, ఆట నియమాల్లో చోటూ లేదు.

చోటు విద్యార్థి కల్పించాడు. అంతవరకు బల్లమీది లోతులన్నీ సుద్దతో గీసి ఇద్దరికీ కనబడేవి. అందువల్లనే ఫ్రెంచి పక్షం ఆడినవాడు ప్రతిసారీ లినోవా కంటె ధైర్యవంతుడయ్యేవాడు. మారెంగోను నిర్భయంగా దగ్గరకు నడిపి సెంచూరియన్‌ను ముంచేవాడు. ఇకనుంచి లోతుల పటం మడిచిన కాగితంలో ఉంటుంది. తెప్ప పక్కన నిలిచిన ఓడకే, ఆ చోటి లోతు ఎంతో కాగితం తెరచి చెబుతారు. తెప్పలన్నీ తీరం పక్షానివి.

తరువాతి ఆదివారం విద్యార్థి ఫ్రెంచి పక్షం తీసుకున్నాడు. బయట తార్నాక వంతెనమీద వాహనాల హోరు. గాలి దిక్కు తెలిపే కాగితపు బాణం మారెంగోకు అనుకూలంగా ఉన్నది. అతను నౌకను ఒక జాన దూరం ముందుకు జరిపాడు. పాచిక బాగా పడింది. సెంచూరియన్ కంబం ఒకటి విరిగింది. మరొక జాన. సుద్దగీతకు ఇంకా బెత్తెడు దూరం ఉందనగా అతని చేయి ఆగిపోయింది. దగ్గరలో ఏ తెప్పా లేదు. అన్నీ ఆచార్యుల మోచేతి దగ్గర, ఇసుకలో లాగిపెట్టినట్లు, వరుసగా ఉన్నవి.

"కాగితం తెరవమంటావా?" అని ఆచార్యులు అడిగారు.

"తెప్ప రాలేదు కదా సార్" అంటూ అతను మారెంగో చుక్కానిని సముద్రంవైపు తిప్పాడు.