కుక్కబొమ్మ కొట్టు

పాటలమ్మే కొట్లకి రోజులు చెల్లిపోయాయని పదిహేనేళ్ళుగా వింటున్నాను. ఫోను తీసి ఏది కావాలంటే అది వినగలిగినప్పుడు, బస్సెక్కి బజారుకెళ్ళి, డబ్బు పోసి పాట కొనుక్కొచ్చే వెర్రివాళ్ళు ఎవరుంటారంటారు మావారు. ఆయన మాట కొట్టిపారేసేదేం కాదు, లెక్కలు తెలిసిన మనిషి. కానీ లండన్లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటు 363వ నంబరు సంగతి ఎత్తితే మాత్రం ఆయన లెక్క కాస్త తడబడుతుంది. 2019లో మూతపడ్డ ఆ కొట్టుని 2023 నవంబర్లో మళ్ళీ తెరిచారు. అదే గుమ్మం, అదే పేరు... హెచ్.ఎం.వి.

ఆ పేరు మనకి పరాయిదేం కాదు. మన ఇళ్ళల్లో ఆ ఇంగ్లీషు అక్షరాలు పలికిన వాళ్ళు తక్కువ గానీ, ‘కుక్కబొమ్మ ప్లేటు’ అంటే పసిపిల్లలకి కూడా తెలిసేది. గ్రామఫోను బాకా ముందు తల ఓరగా పెట్టి యజమాని గొంతు వింటున్న ఆ కుక్క పేరు నిప్పర్. చిత్రకారుడు మొదట వేసినప్పుడు దాని ముందున్నది వేరే రకం యంత్రమట. 1899లో గ్రామఫోను కంపెనీవాళ్ళు ఆ బొమ్మ కొంటూ, పాత యంత్రం మీద తమ యంత్రాన్ని వేయించుకున్నారు. అప్పటికి నాలుగేళ్ళ కిందటే ఆ కుక్క పోయింది! వ్యాపారం అంటే అదీ. ఆ కంపెనీయే కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 1928లో ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ తయారైన ప్లేట్లే మన పెళ్ళి పందిళ్ళ మైకుసెట్లలో మోగాయి. అదే కంపెనీ 1921లో లండన్లో తెరిచిన కొట్టు ఈ 363. ప్రారంభోత్సవానికి వచ్చినవాడు ఎడ్వర్డ్ ఎల్గార్ అంతటి సంగీతకర్త. అంచేత, మనింట్లో ప్లేటు మీద కూర్చున్న కుక్కకి పుట్టిల్లు లాంటిది ఆ వీధి.

మా నాన్నగారికి ఓ రికార్డు ప్లేయరుండేది. దాన్ని ముట్టుకునే అధికారం ఆయనొక్కరిదే. ఏ పాట, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నది ఆయన ఇష్టం. మేమంతా చుట్టూ కూర్చుని వినేవాళ్ళం, ఆ నిప్పర్‌లాగా. (నవ్వకండి, ఆ పోలిక మా అమ్మదే. ఆయన వినకుండా అనేది.)

తర్వాత క్యాసెట్లొచ్చాయి. మా ఊళ్ళో క్యాసెట్ల కొట్టంటే బస్టాండు పక్కన చిన్న బడ్డీ. ఆడపిల్లలు నిలబడకూడదని అక్కడ ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా ఎవరం నిలబడలేదు. కావలసిన పాటలు నోటుబుక్కు కాయితం మీద వరసగా రాసి, ఆ కాయితం ఖాళీ క్యాసెట్టుకి చుట్టి అన్నయ్య చేతికిస్తే, వారం తర్వాత పాటలు నింపి ఇచ్చేవాడా కొట్టతను. పన్నెండు రాస్తే పది వచ్చేవి. మిగతా రెండూ తనకి నచ్చినవి. మా అన్నయ్య కూడా దారిలో ఒకటో రెండో కొట్టేసి తనవి రాసేవాడని చాలా ఏళ్ళకి గానీ బయటపడలేదు. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళేదాకా నేను విన్న పాటల్లో నా అంతట నేను ఏరుకున్నవెన్ని అని లెక్కేస్తే, రెండు చేతుల వేళ్ళు ఎక్కువే.

మావారి ఆఫీసువాళ్ళు 2008 సెప్టెంబర్లో ఆయన్ని ఆర్నెల్లు లండన్ పంపిస్తే నేనూ వెళ్ళాను. ఆయన పొద్దున వెళ్తే సాయంత్రం ఏడింటికి గానీ రారు. చలికాలం నాలుగింటికే చీకటి. ఒక్కదాన్నీ ఇంట్లో కూర్చుని హీటరు వేసుకుంటే బిల్లు భయం. బజారున పడ్డాను. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటులోనే 150వ నంబర్లో హెచ్.ఎం.వి. వాళ్ళ ఇంకో కొట్టుండేది. 1986లో తెరిచినప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద రికార్డుల కొట్టు అదేనని చెప్పుకున్నారు. లోపలికి వెళ్తే మన ఎగ్జిబిషను గ్రౌండులో తప్పిపోయినట్టుండేది. స్తంభాలకి హెడ్‌ఫోన్లు తగిలించి ఉండేవి. ఒకటి తీసి చెవులకి పెట్టుకున్నాను.

గంటంపావు నించున్నాను. ‘ఏం కావాలమ్మా’ అని ఎవరూ అడగలేదు. ‘ఇంకెంతసేపు’ అని ఎవరూ చూడలేదు. చీర మీద స్వెట్టరు, దాని మీద మావారి కోటు వేసుకున్న ఆడమనిషి ఒంటరిగా పాటలు వింటోందని ఎవరికీ పట్టలేదు. పక్క స్తంభం దగ్గర ఓ ముసలాయన కళ్ళు మూసుకుని, ఇంట్లో పడకకుర్చీలో ఉన్నంత సుఖంగా ఉన్నాడు. ఆ రోజు నేను విన్నది అమాలియా రోడ్రిగ్స్ అనే పోర్చుగీసు ఆవిడ పాట. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ గొంతులో ఏదో అడ్డుపడి, హెడ్‌ఫోను తీసేసి బయటికొచ్చి చలిలో నించున్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు ఆ సీడీ కొన్నాను. అది నా కోసం ఎవరూ కాయితం మీద రాసివ్వని పాట సుమండీ.

విచిత్రం చూడండి. నేను ఆ స్తంభం దగ్గర నించున్న రోజుల్లోనే, 2008 అక్టోబర్లో, యూరప్‌లో స్పాటిఫై మొదలైంది. ఆ క్రిస్మస్‌కే ఆ వీధిలో జావ్వి అనే పెద్ద రికార్డుల కొట్టు కుప్పకూలింది. అంతకుముందు ఏడాది దాకా దాని పేరు వర్జిన్ మెగాస్టోర్. దానికి సరుకు పంపేది వూల్‌వర్త్స్ అనే పాత గొలుసు దుకాణాల తాలూకు కంపెనీ. తల్లి మునిగితే పిల్ల మునిగినట్టు ముందు అది, వెనకే ఇది. జనవరి మొదటివారానికల్లా ఎనిమిది వందల పైచిలుకు వూల్‌వర్త్స్ కొట్లూ మూతపడ్డాయి. చివరికి అలమర్లు, బీరువాలకి కూడా ధర చీటీలు అంటించి అమ్మేశారు. చూస్తుంటే ఎవరింట్లోనో సామాను వేలం వేస్తున్నట్టనిపించింది.

తప్పంతా ఫోన్లదీ ఇంటర్నెట్టుదీ అని అందరం అనేస్తాం గానీ అసలు రోగం అంతకు ముందే ముదిరింది. మన కిరాణా కొట్టే చూడండి. కొట్టుని నిలబెట్టేది వామూ మెంతులూ కాదు, బియ్యం, నూనె, పంచదార. ఆ మూడూ రోజూ కదుల్తుంటే, ఏడాదికోసారి అడిగే పిప్పళ్ళు కూడా ఓ డబ్బాలో పోసి ఉంచగలడు కోమటి. అక్కడా అంతే. ఆ వారం అందరూ కొనే నాలుగు హిట్టు సీడీల మీద వచ్చిన డబ్బుతోనే అమాలియా లాంటివాళ్ళు అల్మారాలో ఏడాది పొడుగునా కూర్చోగలిగేవారు. టెస్కో, ఆస్డా లాంటి సూపర్‌బజార్లు ఆ నాలుగు సీడీలనీ పాలూ రొట్టెల పక్కన పెట్టి చవగ్గా అమ్మడం మొదలెట్టాయి. బియ్యం నూనె వాళ్ళు పట్టుకుపోయారు, వాము వీళ్ళకి మిగిలింది. అది చాలక, జెర్సీ, గర్న్‌సీ దీవుల నుంచి పోస్టులో వచ్చే చవక సీడీలకి పన్ను లేకపోయింది. ఆ వెసులుబాటు 2012 ఏప్రిల్లో తీసేసేటప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. నడిబజారులో కొట్టు అద్దె మాత్రం ఎవరూ తగ్గించలేదు.

2013 జనవరిలో హెచ్.ఎం.వి. దివాలా దారి పట్టింది. క్రిస్మస్‌కి మనవలకి గిఫ్టు కూపన్లు కొనిచ్చిన తాతమ్మలు లబోదిబోమన్నారు. మొదట అవి చెల్లవన్నారు, గొడవయ్యాక వారం తిరక్కుండానే చెల్లుతాయన్నారు. ఆ నెలాఖర్న, ఉద్యోగాలు పోయిన వాళ్ళు కంపెనీ ట్విట్టర్ ఖాతాలోంచే ‘మమ్మల్ని తీసేస్తున్నారు’ అని లోకానికంతటికీ చాటారు. దాన్ని ఆపడం ఎలాగని పైఅధికారి అడుగుతున్నాడని కూడా అందులోనే రాశారు! మళ్ళీ 2018 డిసెంబర్లో రెండో దెబ్బ. 2019 ఫిబ్రవరిలో డగ్ పుట్‌మన్ అనే 34 ఏళ్ళ కెనడా ఆయన వంద కొట్లు కొన్నాడు. మూసేసిన ఇరవై ఏడింటిలో మన 363 ఒకటి.

ఆ తర్వాత అందులో ఏం పెట్టారనుకున్నారు? అమెరికా మిఠాయిల కొట్టు. ఎల్గార్ అడుగుపెట్టిన గుమ్మంలో రంగురంగుల చక్కెర బిళ్ళలు. 1962లో బీటిల్స్ మేనేజరు బ్రియాన్ ఎప్‌స్టీన్, వాళ్ళ పాటల టేపు పట్టుకుని వచ్చి ప్లేటుగా కోయించుకున్నది ఆ భవనంలోనే. పైన చిన్న స్టూడియో ఉండేది. ఆ ప్లేటు అక్కడి మనిషి విన్నాడు, బావుందనుకున్నాడు, ఇంకొకరికి చెప్పాడు. అలా అలా జార్జ్ మార్టిన్ దాకా వెళ్ళింది. కొట్లో చెవులున్న మనిషి ఒకడున్నాడు కాబట్టి జరిగిందది. చక్కెర బిళ్ళల మధ్య జరగదు కదా.

పోయిన వేసవిలో లండన్లో స్థిరపడిన మా చెల్లెలింటికి వెళ్ళాను. దాని కూతురికి పదిహేనేళ్ళు. ‘పెద్దమ్మా, నీకో కొట్టు చూపిస్తా’ అని అది నన్ను తీసుకెళ్ళింది 363కే! లోపల టీషర్టులు, బొమ్మలు, కొరియా పాటగాళ్ళ ఫొటోలు, జపాను బొమ్మల కథల పుస్తకాలు. వాటి మధ్య ప్లేట్లు. అవును, పెద్ద నల్లటి ప్లేట్లు, అట్ట తొడుగులతో సహా. ముప్పై పౌన్లు చూసి గుండాగింది. మన డబ్బుల్లో మూడు వేల పైన. మా నాన్నగారి ప్లేట్లని మా అమ్మ ఒక స్టీలు డబ్బాల సెట్టు కోసం పాతసామాన్లవాడికి తూకానికి వేసిన దృశ్యం కళ్ళముందు కదిలింది.

మా పిల్ల చేతిలో ఓ ప్లేటు పట్టుకుని, చెవుల్లో పెట్టుకున్న వాటిల్లో అదే పాట ఫోన్లో వింటోంది. ‘ఫోన్లో ఉండగా మళ్ళీ కొనడమెందుకే?’ అన్నాను. ‘ఫోన్లోది నాది కాదు కదా పెద్దమ్మా’ అంది. దాచుకున్న డబ్బు పెట్టి కొంది. ఇంటికెళ్ళాక తెలిసింది, దాని దగ్గర ప్లేయరే లేదు. గోడకి తగిలించింది!

మా మరిది నెత్తి కొట్టుకున్నాడు గానీ, ఇది ఒక్క మా పిల్ల వెర్రి కాదు. అమెరికాలో ప్లేట్లు కొన్నవాళ్ళలో సగం మందికే ప్లేయరుందని 2023లో లూమినేట్ అనే సంస్థ లెక్క తేల్చింది. అక్కడ 2022లో 4 కోట్ల 10 లక్షల ప్లేట్లు అమ్ముడైతే సీడీలు 3 కోట్ల 30 లక్షలే. ప్లేట్లు సీడీలని దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. అయినా మనం నవ్వడానికేముంది? మన బీరువాల్లో కంచిపట్టు చీరలు ఎన్నున్నాయి, ఏడాదికెన్నిసార్లు కడుతున్నాం? ఉందన్న తృప్తికి కూడా ధర ఉంటుంది. పెద్ద రికార్డుల కొట్టు ఇకమీదట బతికితే ఆ ధర మీదే బతుకుతుందని నాకనిపిస్తోంది. రోజూ వెళ్ళే కిరాణా కొట్టులా కాకుండా, తిరనాళ్ళలా. టోక్యో షిబుయాలో తొమ్మిదంతస్తుల టవర్ రికార్డ్స్ ఇప్పటికీ జనంతో కళకళలాడుతోంది. అమెరికాలో పుట్టిన ఆ కంపెనీ అక్కడ 2006లోనే కొట్లన్నీ మూసేసింది. మన దగ్గర కలకత్తా పార్క్ స్ట్రీట్ మ్యూజిక్ వరల్డ్ 2013లో, బొంబాయి రిథమ్ హౌస్ 2016లో పోయాయి. వాటికి ఏ కెనడా కుర్రాడూ దొరకలేదు.

నా బాధల్లా వేరు. తిరనాళ్ళకి డబ్బున్నవాళ్ళే వెళ్తారు. కొనకుండా గంటంపావు నించోవడానికి, తనకేం నచ్చుతుందో తనకే తెలియని ఆడమనిషికి, చోటేదీ? ఫోను పెడుతుంది కదా, ఒకదాని తర్వాత ఒకటి అంటారు. పెడుతుంది. నిన్న విన్నలాంటిదే ఇవాళా పెడుతుంది. నేను రాసిచ్చిన పన్నెండుకీ పన్నెండూ ఇచ్చే కొట్టువాడన్నమాట. మా బస్టాండు బడ్డీ అతను ఆ రెండూ మార్చబట్టే కొన్ని మంచి పాటలు తెలిశాయి, ఆ పాపం ఎందుకు దాచాలి.

వచ్చే నెల్లో మా పిల్ల పుట్టినరోజు. ప్లేయరు కొనిస్తానని మా మరిది దిగొచ్చాడు గానీ, హాల్లో పెడదామంటాడు, అందరం కలిసి వినొచ్చని. తన గదిలోనే ఉండాలంటుంది అది. నన్ను ఫోన్లో మధ్యవర్తిని చేశారు. నేను గదికే ఓటేశాను. రెండు రోజుల్నించి మా చెల్లెలు నాతో మాట్లాడ్డం మానేసింది.