చెఱువునకు అజీర్తి

చెఱువు చచ్చుటకు విషమే కావలెనని చాలమంది తలంతురు. విషము లేకయే, మితిమీఱిన తిండిచేత నశించు చెఱువులు నేడు మన నగరములలో పెక్కు గలవు. మా యింటికి అనతిదూరముననున్న దుర్గం చెఱువు సంగతి సోదరీమణులకు చెప్పవలెనని చాలదినములుగా అనుకొనుచున్నాను. ఏలననగా ఆ తిండిని వడ్డించుచున్న చేతులలో మన చేతులును గలవు.

హైదరాబాదు నగరమున మాదాపూరునకును జూబిలీ హిల్సునకును నడుమ, పెద్దపెద్ద రాతిగుండ్ల చాటున నున్న ఈ చెఱువు వైశాల్యము ఇంచుమించు 83 ఎకరములు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటవారికి త్రాగునీ రిచ్చినది ఇదియేనని చెప్పుదురు. గుట్టల మఱుగున నుండుటచే దీనికి రహస్యపు చెఱువని కూడ పేరు వచ్చినది. 1998లో ఆ ప్రాంతమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఆ రహస్యము దాగలేదు. చుట్టును మేడలు లేచినవి. 2020 సెప్టెంబరులో నీటిపై తీగల వంతెన తెఱవబడినది. సాయంకాలమున రంగుదీపములు నీటిలో మెఱయుచుండగా చూచుటకు జనులు తండోపతండములుగా వత్తురు. నేనును చూచి సంతోషించితిని. కాని దీపపు వెలుగున నీటి రంగు తెలియదు. తెల్లవాఱిన తరువాత చూడవలెను.

నీటిలోని పాచికి ముఖ్యమైన యాహారములు భాస్వరము, నత్రజని. పొలమునకు వేయు ఎరువులోని సారములును ఇవియే. మనుష్యుని శరీరమునుండి దినమునకు ఒకటి రెండు గ్రాముల భాస్వరము వెలువడును. కొన్ని సబ్బుపొడులనుండియు, అంట్లు తోమిన నీటినుండియు మఱికొంత చేరును. ఇల్లాండ్రకు లెక్క క్రొత్త గాదు గదా! తలకు ఒక్క గ్రామే యనుకొందము. ఇంటికి నలుగురు చొప్పున వేయి యిండ్లకు దినమునకు 4 కిలోలు. ఒక గ్రాము భాస్వరము ఇంచుమించు నూఱు గ్రాముల ఎండుపాచిని పెంచగలదు. అనగా ఆ వేయి యిండ్ల మురుగు శుద్ధిగాక చెఱువున బడినచో, దినదినమును 400 కిలోల ఎండుపాచికి చాలినంత మేత దొరకును. ఇక నీరు పచ్చబడుటలో వింత యేమి?

భాస్వరమునకు ఇంత శక్తి గలదా యని సందేహించువారికి కెనడా దేశపు వృత్తాంత మొకటి చెప్పెదను. 1973లో డేవిడ్ షిండ్లరను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును అంటారియోలోని ఒక చిన్న సరస్సును నడుమ తెఱ కట్టి రెండుగా విభజించిరి. ఆ సరస్సునకు పేరు లేదు. 226 అను సంఖ్య మాత్రమే. రెండు భాగములందును కర్బనమును నత్రజనిని కలిపి, ఒకదానియందు మాత్రము భాస్వరమును గూడ చేర్చిరి. భాస్వరము పడిన భాగము పచ్చని పాచితో నిండిపోయినది. తెఱ కావలి భాగ మట్లు కాలేదు. విమానమునుండి తీసిన ఆ చిత్రము, సబ్బులలోని భాస్వరమును తగ్గించు చట్టములకు పిదప మిక్కిలి తోడ్పడినది.

“పచ్చనైన నేమి? చెట్టువలె పాచియు ప్రాణవాయువు నిచ్చును గదా!” అని మా పొరుగింటి వదినగారు అడిగిరి. మంచి ప్రశ్నయే. పగలు ఇచ్చును. రాత్రి అదియు ఊపిరి పీల్చును. చచ్చి అడుగున బడిన పాచిని క్రుళ్ళజేయు సూక్ష్మజీవులు రాత్రింబగళ్ళు పీల్చుచునే యుండును. మన యెండలకు కాగిన నీరు లీటరునకు సాధారణముగా ఏడు మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే నిలుపుకొనగలదు. చేపలకు కనీసము నాలుగైనను కావలెను. తెల్లవాఱుజామునకు ఆ నిలువ తఱిగిపోవును. ఒక వేసవి యుదయమున గట్టుపై నడచుచు, చేపపిల్లలు గుంపులుగా నోళ్ళు నీటిపై కెత్తి గుటకలు వేయుచుండుట చూచితిని. ఉబ్బసముతో ఎగరోజు బిడ్డను రాత్రియంతయు ఒడిలో నుంచుకొన్న తల్లికి ఆ యవస్థ వర్ణింప నక్కఱలేదు. ఎండ యెక్కిన పిదప కొన్ని తేఱుకొన్నవి. కొన్ని వెల్లకిల పడినవి.

ఇక గుఱ్ఱపుడెక్క. దక్షిణ అమెరికానుండి ఊదాపూవుల సొగసునకై తెచ్చిన మొక్క యిది. తిన్న భాస్వరమును తన యందే దాచుకొనును గనుక, దానిని పెఱికి దూరముగా కొనిపోయినచో చెఱువునకు మేలు. గట్టుననే కుప్పవేసి క్రుళ్ళనిచ్చినచో మొదటి వానకే ఆ రసము మరల నీటబడును. విస్తళ్ళెత్తి గుమ్మములోనే పాఱవేయుట వంటి పని యిది. అడుగుననున్న బురద సంగతి యింతకన్న కష్టము. ఏండ్ల తరబడి చేరిన భాస్వరము అందు ఇనుముతో గూడి యణగియుండి, ప్రాణవాయువు లేనప్పుడు విడివడి పైకి వచ్చును. అందుచేత మురుగు నిలిపిన మఱునాడే నీరు తేటపడదు. పాత యప్పునకు వడ్డీ కట్టవలసినదే.

నీటి తేటదనమును కొలుచుటకు 1865లో ఇటలీ దేశీయుడైన సెక్కీ యను మతాచార్యుడు తెల్లని పళ్ళెమును సముద్రములోనికి దింపి చూచెను. మా అమ్మాయియు నేనును పాతకంచ మొకదానికి తెల్లరంగు పూసి, బరువునకు రాయి కట్టి, జేనకొక ముడి వేసిన త్రాటితో పడవపైనుండి దింపితిమి. రెండవముడి తడియకమునుపే కంచము కానరాలేదు.

చెఱువు చెంత ప్రభుత్వమువారి శుద్ధి కేంద్రములు గలవు. కాని సామాన్యమైన శుద్ధిచే మలినములు చాలవఱకు పోయినను భాస్వర మంతయు పోదు. మా మేడలో నెనుబది కుటుంబములు గలవు; నేలమాళిగలో మాకును ఒక శుద్ధియంత్ర మున్నది. మురుగును తిను సూక్ష్మజీవులకు గాలి నూదు పంపును విద్యుత్తు ఖర్చునకు వెఱచి రాత్రులందు ఆపివేయుచున్నారని కాపలాదారు భార్య చెప్పగా తెలిసినది. గాలి లేని జీవులు పనిచేయునా? నాటి సభలో కోశాధికారిగారు “అంత పెద్ద చెఱువునకు మన యొక్క మేడ యేపాటిది?” అనిరి. ప్రతి మేడలోను ఆ మాటయే చెప్పుకొందురు కాబోలు. స్త్రీలము పదునొకండుగురము విద్యుత్తు చీట్లు ముందుంచుకొని లెక్క వేసితిమి; ఇంటికి నెలకు నూటపది రూపాయలు తేలినది. మా వారును మొదట ముఖము ముడిచిరి. మూడు వోట్ల యాధిక్యముతో తీర్మానము నెగ్గినది.

ఇప్పుడు పంపు రాత్రియంతయు నడచుచున్నది. దాని రొదకు నిద్ర పట్టుట లేదని క్రింది యంతస్తు పెద్దమ్మగారు రెండు పర్యాయములు కబురు పంపిరి. ఆమె మాట న్యాయమే. పంపు క్రింద రబ్బరు పలక వేయించుటకు పనివాడు వచ్చువారము వచ్చెదనని చెప్పినాడు.