గుటక పడేదాకా

హనుమకొండ అవతల ఒక వృద్ధాశ్రమానికి నర్సింగ్ విద్యార్థులు పోస్టింగ్ మీద వస్తున్నారని, ముసలివాళ్ల సేవ గురించి వాళ్ల అభిప్రాయమేమిటో చూసి రాయమని ఎడిటర్ పంపారు. అభిప్రాయం సంగతి వెళ్లిన కాసేపటికే తేలిపోయింది. బ్రహ్మాండంగా ఉంది. వాళ్ల ట్యూటర్ తన ఎమ్మెస్సీ థీసిస్ కోసం అందరిచేతా ప్రశ్నావళి నింపించారట. నాథన్ కోగన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1961లో తయారుచేసిన కొలబద్ద అది. మొత్తం 34 వాక్యాలు. సగం ముసలివాళ్లను మెచ్చుకునేవి, సగం చిన్నబుచ్చేవి. ఏది ఎంతవరకు ఒప్పుకుంటారో టిక్కు పెట్టాలి. మన పిల్లలు మెచ్చుకునేవాటికి ఔనని, తక్కినవాటికి కాదని పెట్టేశారు. పెట్టక ఏం చేస్తారు? పెద్దల కాళ్లకు దండం పెట్టడం బడిలో వేయకముందే నేర్పుతాం. పైగా ఆ కాగితాలు తీసుకునేది ఇంటర్నల్ మార్కులు వేసే మేడమ్.

"స్కోర్ చాలా పాజిటివ్‌గా వచ్చింది సార్" అన్నారామె. నాకు మాత్రం వరండాలో వినపడిన మాట వేరు. "ఇక్కడ ప్రొసీజర్లే దొరకవే. లాగ్‌బుక్ ఎట్ల నింపాలె?" అని ఒకమ్మాయి పక్కమ్మాయితో గోడు వెళ్లబోసుకుంటోంది. ప్రొసీజర్ అంటే ఇంజెక్షన్, క్యాన్యులా, క్యాథెటర్. ఇన్ని చూశాను, ఇన్ని చేశాను అని లెక్క చూపి సంతకాలు పెట్టించుకోవాలి. రేపు కార్పొరేట్ ఆస్పత్రి ఇంటర్వ్యూలో ఐసీయూ అనుభవం అడుగుతారు గాని, ఎంతమంది అవ్వలకు తల దువ్వావని ఎవరడుగుతారు? ఆ పిల్ల గోడు అబద్ధం కాదు.

ఆశ్రమం చుట్టూ తిప్పి చూపిస్తామన్నారు. భజన హాలు, దాతల పేర్లు చెక్కిన రాళ్లు. అదేమీ రాయను. భోజనాల వేళ ఒక మంచం దగ్గర ఆగిపోయాను.

పక్షవాతంతో కుడివైపు పడిపోయిన పెద్దాయన. ఆయమ్మ ఆయన చంకల్లో చేతులు వేసి లేపి, వెన్నుకు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టింది. పప్పన్నం మెత్తగా పిసికి, చెంచాలో సగమే తీసుకుని, బాగున్న ఎడమ దవడ వైపు పెట్టింది. ఆయన తల వెనక్కి వాల్చబోతే మెడ వెనక చెయ్యి వేసి గడ్డం కాస్త కిందికి వంచింది. తర్వాత చెంచా గిన్నెలో పెట్టేసి, రెండు వేళ్లు ఆయన గొంతు మీద ఆనించి ఆగింది. గొంతుముడి పైకి లేచి కిందికి దిగాకే రెండో చెంచా. మధ్యలో "ఆ అను బాపూ" అని నోరు తెరిపించి, కుడి దవడలో ఇరుక్కున్న మెతుకులను వేలికి గుడ్డ చుట్టి తీసింది. చిన్న గిన్నెడు అన్నానికి ముప్పావుగంట పట్టింది. అయ్యాక కూడా ఆయన్ని పడుకోనివ్వలేదు. "అరగంట కూసోవాలె. పండుకుంటే పొలమారుతది."

ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవలు నేర్పుతరు సారూ? ఇంతకుముందు ఒకాయనకు పొలమారి, నిమ్ము చేసి పోయిండు. అప్పట్నుంచి గుటక పడ్డదా లేదా సూసుకుంటనే పెడ్త."

ఇంతసేపూ ఒకమ్మాయి మంచం కాళ్ల దగ్గర నిలబడి కేస్ స్టడీ రాసుకుంటోంది. అడిగి ఫైలు చూశాను. చక్కని దస్తూరి. 'రిస్క్ ఫర్ ఆస్పిరేషన్' అని నర్సింగ్ డయాగ్నసిస్ రాసింది. దాని కింద స్కేలు పెట్టి గీసిన గళ్లలో చేయాల్సినవి: నిటారుగా కూర్చోబెట్టాలి, కొద్దికొద్దిగా పెట్టాలి, బాగున్న వైపు పెట్టాలి, తిన్న వెంటనే పడుకోబెట్టరాదు. ఒక్కటీ తప్పు లేదు. ఆఖరి గడిలో ఇవన్నీ చేసినట్టు కూడా అప్పటికే రాసేసింది. చెంచా మాత్రం ముట్టుకోలేదు.

ఒళ్లు మండింది. అయితే ఆ కోపం పిల్ల మీద ఎంతోసేపు నిలవలేదు. మొదటి ఏడాది నుంచీ వార్డుల్లో ఆమె చూసిందేమిటి? వార్డంతా ఒకరిద్దరు స్టాఫ్‌నర్సుల మీద. వాళ్లకు మందులు, రికార్డులు, రౌండ్లతోనే పొద్దు చాలదు. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, తినిపించడం ఆయమ్మలకో, పేషెంట్ వెంట వచ్చిన కూతురికో పోతాయి. ఏ పని చేస్తే 'సిస్టర్' అంటారో, ఏ పని చేస్తే 'ఏయ్ ఆయా' అంటారో ఎవరూ క్లాసులో చెప్పనక్కర్లేదు. అందులో కులం లెక్కా ఉంది. మలమూత్రాలు ఎత్తే పని ఎవరికి వదిలేశామో అందరికీ తెలుసు. అది కొలవడానికి కోగన్ దగ్గర వాక్యం లేదు.

2011 జనగణన నాటికే దేశంలో 60 దాటినవాళ్లు 10 కోట్లకు పైన. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, జిల్లా ఆస్పత్రిలో 10 పడకల వార్డు ఉండాలంది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో వృద్ధుల సంరక్షణ 'అడల్ట్ హెల్త్ నర్సింగ్'లో ఒక యూనిట్. పడకలూ ఉన్నాయి, పాఠమూ ఉంది. ఆ పడక మీది మనిషికి అన్నం పెట్టడం నర్సు పనేనని పిల్లల కంటికి చూపించేవాళ్లు లేరు.

టీ తాగుతుంటే ఇంకో సంగతి తెలిసింది. వీళ్లలో కొందరు జపనీస్ నేర్చుకోవాలని చూస్తున్నారు. నర్సింగ్ చదివినవాళ్లకు భాష నేర్పించి, జపాన్‌లో వృద్ధుల సంరక్షణకు పంపే పని తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ చేస్తోంది. అక్కడ వందలో 29 మంది దాకా 65 దాటినవాళ్లే. మన ఆయమ్మ చేసే పనికి అక్కడ 1987లోనే చట్టం వచ్చింది, జాతీయ అర్హత ఉంది. 2000 నుంచి సంరక్షణ బీమా ఉంది. లాగ్‌బుక్ గురించి వాపోయిన అమ్మాయిని అడిగాను, ఆ పని అక్కడ చేస్తావా అని.

"చేస్త సార్. అక్కడ గదే డ్యూటీ, జీతమిస్తరు. ఈడ చేస్తే ఆయా అంటరు."

34 వాక్యాలూ రాబట్టలేని జవాబు ఇది. ఆ పిల్లను డబ్బుమనిషి అనబుద్ధి కాలేదు నాకు. ఉన్నమాట చెప్పింది.

వచ్చే ముందు ట్యూటర్‌తో అన్నాను: లాగ్‌బుక్‌లో తినిపించడం కూడా చేర్చండి, ఆ పూట ఆయమ్మచేత నేర్పించండి. ఆమె సంతకం చెల్లదన్నారు, రిజిస్టర్డ్ నర్సే పెట్టాలట. సంతకం మీరే పెట్టండి, గెస్ట్ లెక్చరర్‌కిచ్చే లెక్కన ఆమెకు డబ్బివ్వండి అన్నాను. నవ్వారు. తినిపించే సంగతి ప్రిన్సిపాల్‌ను అడిగి చూస్తారట. డబ్బు మాట మాత్రం ఎత్తొద్దన్నారు, ఎత్తితే ఫైలు అక్కడే ఆగిపోతుందట. ఆగితే ఆగనీ, ఎత్తమనే చెప్పి వచ్చాను.