ఫలక్‌నుమాలో పూతరేకులు

కళాశాలలో తెలుగు చెప్పడం నా ఉద్యోగం. ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలుండాలనీ, అందులో మొదటిది పురవర్ణన అనీ ఏటా పిల్లలకు చెబుతూంటాను. ఆ పురాల్లోని మేడలు మామూలు మేడలు కావు. ఆకాశాన్ని ఒరుసుకుంటూ ఉంటాయి. ఇరవై ఏళ్లుగా అటువంటి మేడలను వర్ణిస్తున్న నేను, నలభై ఆరేళ్లు వచ్చేదాకా ఒక్క మేడలోనైనా పడుకున్న పాపాన పోలేదు.

మొన్న సంక్రాంతి వెళ్లాక హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు.

"అన్నయ్యా, అమ్మకు డెబ్బై నిండుతున్నాయి. ఫలక్‌నుమాలో ఒక రాత్రికి గది తీసుకున్నాను. గదికి ఇద్దరే. నువ్వు అమ్మను తీసుకొని రా."

అద్దె ఎంతని అడిగాను. చెప్పాడు. "ఆ అంకె అమ్మ చెవిన పడనీయకు" అన్నాను.

అమ్మ అంకెలేమీ అడగలేదు. అటకమీది కుండ దింపించింది.

ఆత్రేయపురం వాళ్లకు ఆ కుండ సంగతి చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం చెబుతున్నాను. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట, పలచగా రుబ్బిన బియ్యప్పిండి, ఆ పిండిలో ముంచిన గుడ్డ. గుడ్డను కుండమీద అలా పరిచి ఇలా లాగితే ఉల్లిపొరకన్న పలచని రేకు నిలుస్తుంది. దానికి నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడిస్తే పూతరేకు. 2023లో మా ఊరి పూతరేకుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నాన్న పోయేనాటికి నేను ఆరో తరగతి. అప్పటినుంచి ఇరవై రెండేళ్లు అమ్మ ఆ కుండ ముందే కూర్చుంది. తెల్లవారుజామున నాలుగింటికి మంట వేసేది. తీసిన రేకులు దుకాణాలకు వేసేది. నా ఎం.ఏ. పట్టా ఆ మంటలోంచి వచ్చిందే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా కళాశాలలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. "అమ్మగారు ఏం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే, "ఇంటిపట్టునే ఉంటారు" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. అట్లాగని నిజమూ కాదు.

"అంత పెద్ద హోటలుకు తినుబండారాలు పట్టుకెళితే నవ్వుతారమ్మా" అన్నాను.

"ఒకరింటికి ఒట్టి చేతులతో ఎలా వెళ్తాంరా?" అంది. రెండు పెట్టెలు కట్టింది.

బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం ఆనకట్ట దాటి, రాజమండ్రిలో గౌతమి ఎక్కి, మర్నాడు మధ్యాహ్నానికి ఫలక్‌నుమా గేటు ముందు దిగాం. అక్కణ్ణుంచి గుట్టమీదికి గుర్రపుబండిలో తీసుకువెళ్లారు. పాలరాతి మెట్లెక్కుతూంటే పైనుంచి గులాబీ రేకులు చల్లారు. నేను తలెత్తుకొని నడిచాను. అమ్మ ఆగిపోయింది.

"పూలు తొక్కుతూ నడవమంటారేమిట్రా!" అంటూ వంగి, గుప్పెడు రేకులు కొంగున కట్టుకుంది.

సాయంత్రం ఒక కుర్రవాడు భవనమంతా తిప్పి చూపించాడు. ఫలక్‌నుమా అంటే ఆకాశదర్పణమట. మా ప్రబంధకవులు వింటే సంతోషించేవారు! పైగా వంశానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేశాడు. పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్లు పట్టిందట. ఆ ఖర్చుతో ఆయన అప్పులపాలయ్యాడని చెబుతారు. మరి నాలుగేళ్లకే భవనం ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. ఆ నిజాము 1911లో ఇక్కడే కన్నుమూశాడు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్లాక ఇంచుమించు మూతబడే ఉండి, తాజ్ వారు ఏళ్ల తరబడి బాగుచేయించాక 2010లో హోటలుగా తలుపులు తెరిచింది.

భోజనశాలలో 101 మంది ఒకేసారి కూర్చునే బల్ల ఉంది. ఆ కొసనుంచి ఈ కొసకు చూస్తే మనిషి బొమ్మంత కనిపిస్తాడు. అమ్మ బల్లను చేత్తో తడిమి చూసింది.

"ఇంతమందికి వండినవాళ్లు ఎక్కడ తినేవారు నాయనా?" అని అడిగింది.

కుర్రవాడు నవ్వి, "ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు.

"పోనీ, కట్టించినాయన ఎన్నాళ్లున్నాడు ఇందులో?"

"కొద్ది ఏళ్లే అమ్మా."

"అయితే ఆయనా మనలాగే వచ్చి వెళ్లినవాడేగా!" అంది అమ్మ.

చీకటి పడేవేళ వసారాలో టీ తాగుతున్నాం. కింద నగరమంతా దీపాలు వెలుగుతున్నాయి. పక్క బల్ల దగ్గర నెరసిన గడ్డం పెద్దమనిషి మాట కలిపాడు. లోకం చూసినవాడు. స్పెయిన్ దేశంలో 1928 నుంచి ప్రభుత్వమే ఇటువంటి బసలు నడుపుతోందనీ, వాటిలో చాలామటుకు పాత కోటలూ మఠాలేననీ, సముద్రపుటొడ్డున కూడా ఉన్నాయనీ చెప్పాడు. ఇంతలో అమ్మ పెట్టె విప్పి ఆయనకు ఒక పూతరేకు అందించింది. ఆయన కొరికి, కళ్లు మూసుకున్నాడు.

"అద్భుతం! ఎవరు చేశారండీ?"

నా నోట వచ్చిన మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "దుకాణంలో కొన్నామండీ" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. పెట్టెకు తాడు కట్టుకుంది.

ఆ రాత్రి హంసతూలికాతల్పమంటే ఏమిటో తెలిసింది గాని, నిద్ర మాత్రం రాలేదు. నాలుగింటికి అమ్మ అలవాటుగా లేచి కిటికీ దగ్గర కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, సాయంత్రం నేనన్నమాట..."

"దుకాణంలో కొన్నామన్నావు, అదేగా? నిజమేలే. ఆ దుకాణాలకు వేసిందాన్ని నేనేగా!"

నన్ను తప్పించడానికే అందని తెలుసు. అందుకే ఆ మాట మరింత గుచ్చుకుంది. కుడిచేతి వేళ్ల కొసలు చూశాను. ఇరవై రెండేళ్లు వేడికుండమీద రేకు లాగిన వేళ్లు. కొసలు నున్నగా అరిగిపోయాయి. ఆ చెయ్యి ఇన్నాళ్లుగా నా ఎదుటే ఉంది.

పొద్దున ఫలహారాల దగ్గర ఆ పెద్దమనిషి కనిపించగానే తిన్నగా వెళ్లాను.

"నిన్న తప్పు చెప్పానండీ. ఆ రేకులు మా అమ్మ చేతివి. అవి తీసే నన్ను ఎం.ఏ. చదివించింది."

ఆయన లేచి వచ్చి అమ్మకు నమస్కారం చేశాడు. ఎలా చేస్తారో చెప్పమన్నాడు. అమ్మ చెప్పి ఊరుకోలేదు. పింగాణీ గిన్నె ఒకటి బోర్లించి, చేతిగుడ్డ తడిపి, పరిచి లాగి చూపించింది. వడ్డించే కుర్రవాళ్లిద్దరు ఆగి చూశారు. రెండో పెట్టె అక్కడే ఖాళీ అయిపోయింది.

ఊరికి వచ్చాక మా కళాశాలలో అందరికీ పూతరేకులు పంచి, ఎవరు చేశారో చెప్పాను. మా ప్రిన్సిపాలుగారు రెండు తిని, "ఈసారి రెండు పెట్టెలు తెప్పించండి మాస్టారూ" అన్నారు. ఆ సంగతి అమ్మతో చెప్పాను.

"అలాగే ఇద్దాం. కాని డబ్బు పుచ్చుకోవడం మరిచిపోకు" అంది అమ్మ.